వినకమునుపే వినవలసిన చెవి

1902వ సంవత్సరము నవంబరు మాసమున, లండను నుండి ఓడలో తరలివచ్చిన ఇరువదితొమ్మిదేండ్ల అమెరికను యువకుడొకడు, కలకత్తాలోని ఒక హోటలు గదిలో తన సామగ్రిని విప్పి, వెడల్పు నోరుగల రేకు బూర నొకదానిని నిలిపి, నాటి హిందూస్థానీ సంగీతలోకమున మహారాణివలె వెలుగుచుండిన గౌహర్ జాన్‌ను దాని యెదుట నిలువబెట్టి పాడుమనెను. ఆ యువకుని పేరు ఫ్రెడ్ గైస్‌బర్గ్. ప్రాగ్దేశముల పాటలను పట్టి తెచ్చుటకు గ్రామఫోను కంపెనీవారిచే నియుక్తుడైనవాడు. బూర సన్నని కొనయందు ఒక పలుచని పొర, ఆ పొరకు తగిలించిన సూది, సూది క్రింద గిరగిర తిరుగు మైనపు పలక: యంత్రమనగా ఇంతియే. మైకు లేదు, ధ్వనిని హెచ్చింపను తగ్గింపను మీట యొక్కటియు లేదు. గాయని కంఠమునుండి వెలువడిన గాలికంపమే తన సొంత బలముతో మైనమును గీయవలయును. ఇంచుమించు మూడు నిమిషములలో పాట ముగియవలయును. ముగిసిన మరుక్షణమే ఆమె తన పేరును ఆంగ్లమున బిగ్గరగా ప్రకటించెడిది. ఏలయన ఆ పలకలు సముద్రములు దాటి జర్మనీలోని హానోవరు కర్మాగారమునకు చేరినపుడు, ఆ గొంతు ఎవరిదో పోల్చుకొనుటకు అచ్చటి పనివారికి ఆ ప్రకటనయే ఆధారము.

ఈ కథను చెప్పువారు సాధారణముగ గౌహర్ జాన్ నగలను గూర్చియు, ఆమె పుచ్చుకొన్న పారితోషికమును గూర్చియు చెప్పి ఊరకుందురు. నన్ను ఆకర్షించునది వేరొకటి. ఆ మైనపు పలకను అక్కడికక్కడ వాయించి వినుటకు వీలు లేదు. విన్నచో సూది రాపిడికి మెత్తని గాడి చెదరిపోయి, పలక అచ్చుపోతకు పనికిమాలినదగును. అనగా ఆ గదిలో జరిగిన పని బాగుగ జరిగెనో చెడెనో తెలియవలెనన్న, పలక జర్మనీ చేరి, లోహపు అచ్చుగ మారి, రికార్డుగ వెలువడువరకు వేచియుండవలయును. అప్పటికి గైస్‌బర్గ్ ఏ టోకియోలోనో షాంఘైలోనో మరియొక గాయకుని యెదుట నిలిచియుండును. ఇక దిద్దుకొనుట యెక్కడ? కావున ఆతడు చేసిన తీర్మానములన్నియు, గాయని ఎంత దూరమున నిలువవలెను, సారంగివాని నెక్కడ కూర్చుండబెట్టవలెను, తబలా నెంత వెనుకకు నెట్టవలెను అను నిర్ణయములన్నియు, ఫలితమును వినకమునుపే చేయవలసినవి. ధ్వనిముద్రణమున వృత్తినిపుణుడెవడు అను ప్రశ్నకు నాకు తోచిన సమాధానము ఈ మైనపు పలకలోనే ఉన్నది.

నేడు ఆ ప్రశ్నను అడిగినచో పలువురు పలువిధములుగ చెప్పుదురు. కూలి పుచ్చుకొని పనిచేయువాడే నిపుణుడని కొందరందురు. అది ఆదాయపు పన్ను వారికి చాలిన నిర్వచనమేగాని మనకు చాలదు. ఖరీదైన యంత్రములు గలవాడని మరికొందరందురు. కాని నేడు మన జేబులలోని సెల్‌ఫోను మైకు, ధ్వనిని యథాతథముగ గ్రహించుటలో గైస్‌బర్గ్ బూరకంటె అనేక రెట్లు మేలైనది. ఆ బూర ఇంచుమించు 250 మొదలు 2500 కంపనముల నడిమి స్వరములను మాత్రమే పట్టగలిగెడిది. మానవుని చెవి సెకనుకు 20 మొదలు 20,000 కంపనముల వరకు వినునని జ్ఞాపకముంచుకొన్నచో, ఎంత పాలు గాలిలో కలిసిపోయెడిదో ఊహింపవచ్చును. సకారమునకును ఫకారమునకును భేదము చెరగిపోయెడిది. పెద్ద డబుల్ బేస్ నాదము మైనమునకు అందకపోగా పాశ్చాత్య బృందములలో దానికి మారుగ ట్యూబా అను బాకాను ఊదించెడివారు. వయొలిన్ మరీ దుర్బలమగుటచే, దాని చెక్కపెట్టెను తీసివేసి లోహపు బూరను తగిలించిన స్ట్రో వయొలిన్ అను వింత వాద్యమును 1899లో కనిపెట్టిరి. ఇట్టి యంత్రముతో తీసిన రికార్డులను నేటికిని రసికులు వెదకి విని ఆనందించుచున్నారనగా, ఆ ఘనత యంత్రమునకు చెందదు గదా!

బూర యెదుట పనిచేసిన నాటి రికార్డిస్టుల నైపుణ్యమంతయు ఒక్క మాటలో ఇమిడియున్నది: దూరము. గాయకుడు తారస్థాయికి చేరబోవునని ఎరిగి, సూది గాడిదాటి ఎగిరిపోకుండ, సరిగా ఆ క్షణమునకు ముందు వాని భుజము పట్టి మెల్లగ వెనుకకు లాగెడివారు. మంద్రమునకు దిగినపుడు ముందునకు నెట్టెడివారు. ఇది చూచువారికి నవ్వు పుట్టించినను, పాట ఎరుగనివానికి సాధ్యమైన పని కాదు. గైస్‌బర్గ్ స్వయముగ పియానో వాద్యకుడు. బాల్యమునుండి రికార్డింగులకు ప్రక్కవాద్యము వాయించుచు పెరిగినవాడు. తరువాతి స్వరమెక్కడికి పోవునో వానికి ముందుగనే తెలియును. తెలియనిచో చేయి ఆలస్యమగును. ఆలస్యమైనచో మైనము మన్నింపదు.

దూరమునకింత ప్రభావమేల? చెరువులో రాయి వేసినపుడు అల వలయములుగ వ్యాపించుచు పలుచబడుట మనకు పరిచితమే. శబ్దము గోళాకారమున వ్యాపించును గనుక మరింత వేగముగ పలుచబడును. దూరము రెట్టింపైనచో తీవ్రత నాలుగవ వంతునకు దిగును. ఇంజనీర్ల లెక్కలో ఇది 6 డెసిబెల్లుల తరుగు. పెదవులకు జానెడు దూరమున మైకుంచుకొని పాడు గాయకుడు భావావేశమున మరి జానెడు వెనుకకు తూగెనా, 6 డెసిబెల్లులు పోయినట్లే. అతడే రెండు బారల దూరమున నిలిచి జానెడు తూగినచో ఒక డెసిబెల్లయినను తేడా రాదు. ఇట్లనుటచే దూరముగ నిలుపుటయే క్షేమమని భ్రమపడరాదు. అక్కడ వేరొక చిక్కు కాచుకొనియున్నది. దగ్గరకు చేర్చినచో మరియొక మాయ: ఒకవైపు మాత్రమే ఆలకించు నిర్మాణముగల మైకులు మూలమునకు మిక్కిలి సమీపించినపుడు మంద్రధ్వనులను సహజముగ ఉన్నదానికంటె ఉబ్బించి చూపును. సన్నని గొంతుగల మనిషి రేడియోలో గంభీరముగ వినిపించుటలో ఈ కిటుకునకును పాలు కలదు.

దూరముగ నిలిపినపుడు కాచుకొనియుండు చిక్కు గది. 1895లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమువారు కొత్తగ కట్టిన ఉపన్యాసశాలలో ఏమి చెప్పినను ఎవరికిని అర్థము కాకుండెను. పలికిన మాట 5.5 సెకనులపాటు గోడలనంటి మ్రోగుచుండుటచే, ఒక వాక్యము తోకను మరియొక వాక్యము తల తొక్కుచుండెను. దీనిని బాగుచేయు భారము వాలెస్ క్లెమెంట్ సబైన్ అను యువ భౌతికశాస్త్రవేత్తపై పడెను. ఆయన రాత్రులందు, ఊరు సద్దుమణిగిన తరువాత, ప్రక్కనున్న నాటకశాల మెత్తలను మోయించి తెచ్చి కొన్నికొన్నిగ పరపించి, ఆర్గాను గొట్టము నూది ఆపి, శబ్దము పూర్తిగ అణగుటకు పట్టు కాలమును గడియారముతో కొలిచి, తెల్లవారకముందే ఆ మెత్తలను స్వస్థానమునకు చేర్పించుచుండెను. శబ్దమెప్పుడు అణగినదో తేల్చుటకు ఆయన ఆధారపడినది తన చెవిపైననే యని చెప్పుట మరువరాదు. గది ఘనపరిమాణము పెరిగినకొలది మ్రోత నిలుచుననియు, శబ్దమును పీల్చు ఉపరితలము పెరిగినకొలది తగ్గుననియు ఆయన కనుగొన్న సూత్రము నేటికిని స్టూడియో నిర్మాతలకు శరణ్యము. 1900లో ఆ సూత్రమును నమ్ముకొని కట్టిన బోస్టన్ సింఫనీ హాలు ప్రపంచమున శ్రేష్ఠమైన సంగీతశాలలలో ఒకటిగ పేరుగాంచినది.

ఈ సూత్రమునుండి రికార్డిస్టునకు కావలసిన లెక్క యొకటి పుట్టును. గాయకునికి సమీపమున వాని స్వరమే ప్రబలము. దూరముగ పోయినకొలది గోడలనుండి తిరిగివచ్చు మ్రోతయే ప్రబలము. రెండును సరితూగు చోటొకటి ఉండును. ఐదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల గదిలో మ్రోత అర సెకను నిలుచుననుకొన్నచో ఆ చోటు మూలమునకు సుమారు 60 సెంటీమీటర్ల దూరముననే ఉన్నది. పదివేల ఘనమీటర్ల మహాశాలలో, రెండు సెకనుల మ్రోతలో, అది నాలుగు మీటర్ల వరకు జరుగును. కావుననే మేటి సంగీతశాలలో దూరమునుండి పట్టిన నాదము గోపురముక్రింద దేవతార్చనవలె ధ్వనించగా, మన యింటి ముందుగదిలో అంత దూరమునుండి పట్టినది బావిలోనుండి వచ్చినట్లుండును. విచిత్రమేమనగా, అదే గదిలో కూర్చుండి చెవులార విన్నవానికి ఆ బావి తోచదు. మనకు రెండు చెవులును, వాని వెనుక ఒక మెదడును ఉన్నవి. ఏది గాయకుని వైపునుండి వచ్చుచున్నదో, ఏది గోడ తిప్పి పంపుచున్నదో మెదడు విడదీసి, రెండవదానిని ఉపేక్షించును. మైకునకట్టి దాక్షిణ్యము లేదు. మెదడు చేయు ఈ ఉపకారమును తన చెవికి నిరాకరించి, మైకు విన్నట్లు వినుట అలవరచుకొనుటకు ఏండ్లు పట్టును. ఆ విద్య వచ్చినవాడు కొత్త గదిలో అడుగుపెట్టగానే నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టును. చూచువారు ఇతనికి పిచ్చియా యనుకొందురు. అతడు గోడల జవాబు వినుచున్నాడు.

ఇచ్చట ఒక చిన్నమాట. మన పట్టణములలో ఇంటింట వెలసిన బుల్లి స్టూడియోలలో కోడిగ్రుడ్ల అట్టలను గోడలకు అంటించి నిశ్చింతగ ఉండువారున్నారు. 3.43 మీటర్ల ఎడము గల రెండు గోడల నడుమ 50 కంపనముల మంద్రస్వరము నిలుచుండిపోయి గదినంతయు గుమ్మనిపించును. దాని అల పొడవు దాదాపు ఏడు మీటర్లు. ఏడు మీటర్ల అల అంగుళమున్నర అట్టను చూచి ఆగునా? అది పై స్వరములను కొంత నొక్కి, మంద్రమును యథేచ్ఛగ వదలివేయును. ఫలితముగ గది మునుపటికంటె మబ్బుపట్టినట్లగును.

ఒక్క మైకు సంగతియే ఇట్లుండగా, రెండవది వచ్చినచో సమస్య ద్విగుణము కాదు, చతుర్గుణమగును. కచేరీలో వయొలిన్ నాదము తన మైకును ముందు చేరి, గాయకుని మైకును 34 సెంటీమీటర్లు అధికముగ ప్రయాణించి చేరెననుకొందము. గాలిలో శబ్దవేగము సెకనుకు సుమారు 343 మీటర్లు కావున, రెండవ రాక ఒక మిల్లీసెకను ఆలస్యము. ఆ రెండును సమబలముతో కలిసినచో, 500 కంపనముల స్వరము ఒకదానియందు శిఖరమైనపుడు మరియొకదానియందు లోయయై రెండును రద్దగును. 1500 వద్దను, 2500 వద్దను అదే గతి. దువ్వెన పండ్లవలె వరుసగ ఖాళీలు పడిన ఆ వయొలిన్ గొట్టములోనుండి పలికినట్లుండును. వాద్యమును నిందింతురు, వాద్యకుని నిందింతురు, తుదకు తంతులను మార్పింతురు. నిపుణుడు వంగి మైకును రెండంగుళములు జరుపును. మైకునకు దాని మూలమునకు నడుమ ఎంత దూరమున్నదో, మైకునకు మైకునకు నడుమ అంతకు మూడింతలైన ఉండవలెనని ఈ వృత్తిలో ఒక పెద్దల మాట కలదు. అట్లున్నచో ప్రక్కవాని నాదము 9 డెసిబెల్లులకు పైగ తగ్గి, ఈ రద్దులు చెవికి సోకనంత స్వల్పములగును.

1925లో విద్యుత్ ధ్వనిముద్రణము వచ్చుటతో బూర అంతరించినను, దూరపు విద్య అంతరింపలేదు. దానికి కొత్త పరీక్షలు వచ్చినవి. లండనులోని అబీ రోడ్ స్టూడియోలో మైకులను భేరీలకు నిర్ణీత దూరముకంటె దగ్గరగ చేర్చరాదని నియమముండెడిది. గాలిదెబ్బకు మైకు పొర చెడునని భయము. 1966లో, రివాల్వర్ అను బీటిల్స్ ఆల్బము సమయమున, జెఫ్ ఎమరిక్ అను ఇరువదేండ్ల యింజనీరు ఆ నియమమును తోసిపుచ్చి, పెద్ద భేరిలో ఒక ఉన్ని స్వెట్టరును కుక్కి, మైకును దానికి చేరువగ నిలిపెను. గుండెలపై తట్టినట్లున్న ఆ భేరీనాదమును తరువాతి లోకమంతయు అనుకరించినది. ఇరువదేండ్లవానికి అంత తెగువ ఎట్లు వచ్చెనని ఆశ్చర్యపడనక్కరలేదు. ఆ సంస్థలో యింజనీరు కుర్చీ యెక్కుటకు ముందు టేపులు త్రిప్పుటయు, రికార్డు గాడిని కోయు యంత్రమువద్ద పనిచేయుటయు నేర్పెడివారు. మంద్రము మితిమీరినచో వినువాని యింట సూది గాడిలోనుండి ఎగిరిపడునని ఆ కోతయంత్రమువద్ద కన్నులార చూచినవానికి, ఏ నియమము భౌతికశాస్త్రమో, ఏది కార్యాలయపు అలవాటో విడదీయుట తెలియును. నియమమును నేర్వకయే ధిక్కరించువారు నేడు కొల్లలుగ నున్నారు. వారిని గూర్చి ఈ అధ్యాయమున వ్రాయను.

మన సినిమాల పేర్ల పట్టికలో శబ్దగ్రహణము అను పదము కానవచ్చును. ఎవరు కల్పించిరో గాని చక్కని మాట! గ్రహించుట యనగా పట్టుకొనుటయు, తెలిసికొనుటయు. 1950 ప్రాంతముల మద్రాసు రికార్డింగు థియేటర్లలో గాయకులును, వాద్యబృందమును, కోరస్సును ఏకకాలమున కొలదిపాటి మైకుల యెదుట నిలిచి పాటనంతయు ఒక్క ఊపున పూర్తిచేయవలసియుండెను. చరణము చివర ఒక వేణువు తొట్రుపడినచో అందరును పల్లవినుండి మరల మొదలుపెట్టవలసినదే. పాట ముగిసిన పిదప వీణను హెచ్చించుటకుగాని డోలకును తగ్గించుటకుగాని మార్గము లేదు. కావున రికార్డిస్టు పని సగము రిహార్సలులోనే, కుర్చీలను ముందు వెనుకలకు జరుపుటలోనే, తీరిపోయెడిది. నాటి పాటలలో ముప్పది వాద్యములున్నను గాయకుని ఒక్క అక్షరమైనను మునిగిపోకుండుటకు ఆ కుర్చీల జరుపుడు ముఖ్యమైన కారణము.

ఇంతవరకు చెవిని స్తుతించితిని. దాని దోషములను గూడ చెప్పవలయును, ఏలయన నిపుణుడు తన చెవిని నమ్మునంతగ శంకించును. 1933లో ఫ్లెచర్, మన్‌సన్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన ప్రకారము, చెవి అన్ని స్వరములను సమముగ వినదు. మెల్లగ వాయించినపుడు మంద్రము మరింత క్షీణించి తోచును, బిగ్గరగ వాయించినపుడు పుష్టిగ తోచును. ఇందువలన ఒక వంచన సంభవించును: ఒకే రికార్డింగును రెండుసార్లు వినిపించి, రెండవసారి ఇసుమంత హెచ్చించినచో, రెండవదే మేలైనదని విన్నవారందరును ఒట్టుపెట్టి చెప్పుదురు. అనుభవములేనివాడు ఏ మీట త్రిప్పినను పాట బాగుపడుచున్నదని మురియును. బాగుపడుచున్నది పాట కాదు, శబ్దప్రమాణము. అనుభవజ్ఞుడు రెండింటిని సమాన స్థాయికి తెచ్చిన పిమ్మటగాని పోల్చడు. దినమంతయు ఒకే మితమైన స్థాయిలో వినును. ఇది చెవికి ఆరోగ్యము కూడ. 85 డెసిబెల్లుల ధ్వనిని దినమునకు ఎనిమిది గంటలు భరింపవచ్చునని ఆరోగ్యశాస్త్రమువారు అనుమతించిరి; ప్రతి 3 డెసిబెల్లుల హెచ్చునకు ఆ కాలము సగమగుచు, 88కి నాలుగు గంటలు, 91కి రెండు గంటలు మాత్రమే మిగులును.

టేపు వచ్చిన తరువాత తప్పును కత్తిరించి అతికించుటయు, కంప్యూటరు వచ్చిన తరువాత ఎన్నిసార్లైనను దిద్దుటయు సులభమైనవి. నేనీ సౌకర్యములను నిందించువాడను కాను. వానిచే జరిగిన మేలు అపారము. ఉదాహరణకు 24 బిట్ల డిజిటలు విధానమున సిద్ధాంతరీత్యా 144 డెసిబెల్లుల పరిధి కలదు. గైస్‌బర్గ్ కలలోనైన ఊహింపని ఐశ్వర్యమది. అయినను ఎర్రదీపము వెలుగువరకు మీటను నెట్టి, గాయకుడు ఉద్వేగమున గొంతెత్తిన ఒకేయొక క్షణమున శిఖరము తెగిపోగా తల పట్టుకొనువారిని ఎందరినో చూచితిని. తెగిన శిఖరమును ఏ యంత్రమును యథాతథముగ మరల మొలిపింపజాలదు. అంత ఐశ్వర్యములోనుండి 15 డెసిబెల్లులు ఖాళీగ విడిచినను నష్టమేమియు లేదని ఎరిగి విడుచుటయే విద్య. దిద్దుటకు వీలున్నదను ధైర్యమే పొరపాటును లోనికి పిలుచుచున్నది. పదిమారులు పాడిన గాయకుని పదునొకండవ పాటలో శ్రుతి ఉండవచ్చును, ప్రాణముండదు.

కొన్నేండ్ల క్రిందట, ఒక వయోవృద్ధురాలైన వైణికురాలి వాదనమును భద్రపరుపవలెనని మేము నలుగురము పూనుకొంటిమి. మొదట పిలిచిన యువకుడు మూడు పెట్టెల సామగ్రితో వచ్చి, దినమంతయు పట్టుకొనిపోయిన దానిలో వీణవెనుక ఎడతెగని గుయ్యిమను మ్రోతయొకటి వినిపించెను. రెండవమారు, ఉద్యోగవిరమణ చేసిన రికార్డిస్టు నొకరిని బ్రతిమాలి పిలుచుకొని వచ్చితిమి. ఆయన సంచిలో రెండు మైకులు, ఒక చిన్న యంత్రము, ఒక తువాలు. గదిలోనికి వచ్చి చప్పట్లు కొట్టి, ముందుగ ఫ్యాను ఆపించిరి. పిదప ట్యూబులైటును ఆర్పించి కిటికీ తెరపించి, వీధికుళాయివద్ద బిందెల చప్పుడు విని, ఆ కిటికీని మూయించి రెండవదానిని తెరపించిరి. "అమ్మా, ఒక్క అడుగు ముందుకు జరుగుతారా?" అని అడిగి, చాపతోసహా ఆమెను గోడనుండి ఎడముచేసిరి. అటుపిమ్మట మమ్మందరను ఒక నిమిషము ఊపిరి బిగబట్టి కూర్చుండుమని చెప్పి, ఆ నిశ్శబ్దమును రికార్డు చేసికొనిరి. అతుకులు వేయవలసివచ్చినపుడు ఆ గదియొక్క మౌనమే కావలెనుగాని మరియొక గది మౌనము పనికిరాదని తరువాత చెప్పిరి. యంత్రము నడుచుచుండగనే తారీఖును, రాగమును, వాయించువారి పేరును తన గొంతుతో పలికిరి. నాకు గౌహర్ జాన్ జ్ఞప్తికి వచ్చెను.

ఆమె ముప్పావుగంట వాయించెను. చెమట ధారలు కట్టుచుండెను. రెండుమారులు శ్రుతి చూచుకొనుటకు ఆగవలసివచ్చెను. ఆగినపుడెల్ల ఆయన తువాలు అందించుటతప్ప ఒక్క మాటయైన ఆడలేదు, యంత్రపు ముల్లువైపు చూచుటకంటె ఆమె వ్రేళ్లవైపు చూచుటయే ఎక్కువ. ముగిసినపిదప ఆయన తీగలను చుట్టుకొనుట ప్రారంభించిరి. ఆమె కొంచెము సందేహించుచు, "ఒకసారి వేసి విందామాండీ, బాగా వచ్చిందో లేదో?" అనెను. ఆయన చెవిగొట్టములను తీసి ఆమె చేతికిచ్చి లేచిరి.

"మీరు వినండమ్మా. నేను ఫ్యాను వేసి వస్తాను."